వాన కొలతను మాటల్లో చెప్పడం ఎలా?

ఊళ్లో నిన్న 70 మిల్లీమీటర్ల వాన పడిందని రాస్తే అది ఎంత వానో చాలామందికి తెలియదు; ‘భారీ వర్షం’ అని రాస్తే వెంటనే తెలుస్తుంది. అయితే ఒకరికి భారీగా తోచిన వాన మరొకరికి మోస్తరుగా తోచవచ్చు కనుక, మాట వాడడానికి ముందే దాని హద్దులు ఖరారై ఉండాలి.

భారత వాతావరణ విభాగం ఆ పని చేసిపెట్టింది. ఉదయం 8.30 నుంచి మరునాడు 8.30 వరకు కురిసిన వాన 2.5 నుంచి 15.5 మి.మీ. దాకా ఉంటే తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, 115.5 దాకా భారీ, 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ వర్షమవుతుంది. ఒక తరగతి ముగిసిన చోటే మరొకటి మొదలవుతుంది. మీరు సొంతంగా తరగతులు ఏర్పరచుకున్నా ఈ పద్ధతే పాటించండి.

ఒకసారి ఎంచుకున్న మాటను రాతలో అందం కోసం మార్చకూడదు. భారీ వర్షాన్ని ఒకచోట కుండపోత అని, మరోచోట జడివాన అని రాయడం మనకు అలవాటే. కానీ కుండపోత వాన ఉద్ధృతిని చెబుతుంది, జడి అది ఎడతెగకుండా కురిసిన తీరును చెబుతుంది; ఈ రెండూ 24 గంటల మొత్తాన్ని చెప్పే మాటలు కావు. ఆ 70 మి.మీ. రోజంతా కురిస్తే చేను తాగుతుంది, గంటలో కురిస్తే హైదరాబాద్ రోడ్లు మునుగుతాయి, తరగతి మాత్రం రెండింటికీ ఒకటే. కాబట్టి ఎంతసేపట్లో కురిసిందో విడిగా చెప్పాలి.

అన్నింటికంటే ఎక్కువగా అపార్థమయ్యే మాట ‘సాధారణం’. ఒక జిల్లాలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసిన వాన దీర్ఘకాల సగటు కంటే 19 శాతం తక్కువైనా, 19 శాతం ఎక్కువైనా ఆ జిల్లాలో వర్షపాతం సాధారణమే; 20 శాతం తగ్గితేనే లోటు. జూలైలో మూడు వారాలు చినుకు లేక పత్తి మొలకలు ఎండిపోయి, ఆగస్టు వానలతో లెక్క సరిపోయిన జిల్లా కూడా చివరకు ‘సాధారణం’ తరగతిలోనే చేరవచ్చు. అందుకే మాట పక్కన శాతాన్ని, వాన లేని రోజుల సంఖ్యను ఇవ్వడం అవసరం.

‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాటనూ అక్షరాలా తీసుకోకూడదు. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు వరకు వాన పడినా వాతావరణ బులెటిన్లలో అలాగే రాస్తారు.