తెల్ల కాలనీల కోసం మూడు వారాలు

ఒంగోలు ఆవు, ముర్రా గేదె పాలల్లోని బీటా కేసిన్ అనే ప్రోటీన్ జన్యువును క్లోన్ చేసి (అంటే బ్యాక్టీరియాలో పెట్టి నకళ్లు తీసి) పోల్చి చూడాలన్నది నా పని. పాలలోని కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, దాన్నుంచి సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు) చేసి, ఆ జన్యువును లెక్కలేనన్ని నకళ్లు చేసే పీసీఆర్ పెట్టాను. జెల్ మీద 675 బేస్ జతల దగ్గర బ్యాండ్ చక్కగా మెరిసింది. కానీ టీ-వెక్టర్‌లో (జన్యువును బ్యాక్టీరియాలోకి మోసుకెళ్లే డీఎన్‌ఏ వలయంలో) అతికించి, బ్యాక్టీరియాలోకి పంపి ప్లేట్ వేస్తే అన్నీ నీలం కాలనీలే! జన్యువు అతికితే కాలనీ తెల్లగా రావాలి, నీలం అంటే అతకలేదని. మూడు వారాలు ఒకటే టెన్షన్. అతికించే ఎంజైమ్ లైగేజ్ మార్చాను, కొత్త బ్యాక్టీరియా కణాలు తయారు చేశాను. ఫలితం లేదు.

తప్పు ఎంజైమ్ దగ్గరుంది. పీసీఆర్‌లో తప్పులు దిద్దే పాలిమరేజ్ (డీఎన్‌ఏ నకళ్లు తీసే ఎంజైమ్) వాడాను, అది చివర్లను మొండిగా వదిలేస్తుంది. టీ-వెక్టర్‌లో అతకాలంటే నా డీఎన్‌ఏ ముక్క చివర ఒక 'ఎ' అక్షరం ఉండాలి. అందుకే ముందు కాలమ్‌లో శుభ్రం చేశాను (ఆ పాత ఎంజైమ్ మిగిలితే పెట్టిన 'ఎ'ని మళ్లీ కొరికేస్తుంది). తర్వాత చివర 'ఎ' పెట్టే టాక్ పాలిమరేజ్, ఆ 'ఎ' ఇచ్చే డీఏటీపీ కలిపి 72 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాను. మర్నాడు పొద్దున ప్లేట్ తెరిస్తే తెల్లగా, గుండ్రంగా, సగ్గుబియ్యంలా కాలనీలు. ఎంత సంతోషమో!

బీటా కేసిన్‌లో ఏ1, ఏ2 అని రెండు రకాలు; 67వ అమైనో ఆమ్లం ఏ1లో హిస్టిడిన్, ఏ2లో ప్రోలిన్. నా సీక్వెన్స్‌లో ఆ 67వ స్థానం చూస్తే ప్రోలిన్‌కు బదులు ఫినైల్ అలనిన్ ఉంది. తర్వాత తెలిసింది: మొదటి 15 అమైనో ఆమ్లాలు సిగ్నల్ పెప్టైడ్‌వి (తర్వాత తెగిపోయే ముక్క), అవి లెక్కలోకి రావు. అందుకే 82వది చూశాను. ఆవులో, గేదెలో రెండింట్లోనూ ప్రోలినే.