పాత గుమ్మం కర్రతో ఎలక్ట్రిక్ గిటార్

ఎలక్ట్రిక్ గిటార్ చేద్దామనుకునేవాళ్లు ముందు బాడీ ఆకారం గీసుకుంటారు. నేను మాత్రం మెడతో, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగంతో, మొదలుపెట్టమంటాను. ఎందుకంటే ఇందులో శబ్దాన్ని పట్టేది బాడీ కాదు, పికప్. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుంది, యాంప్లిఫయర్ దాన్ని పెద్దది చేస్తుంది. డొల్ల పెట్టెతో పనిలేదు. అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగంగుళాల చదరపు పైన్ దిమ్మెకు తీగలు బిగించి వాయించాడు. గిటార్‌లా కనబడాలని పక్కన రెండు రెక్కలు తగిలించాడు. కాబట్టి బాడీ ఎలా ఉన్నా పలుకుతుంది. మెడ వంకరపోతే, మెట్లు ఒక్క మిల్లీమీటరు తప్పితే మాత్రం ఎంత మంచి పికప్ పెట్టినా శ్రుతి కలవదు.

మెడకి నేను పాత టేకు గుమ్మం కర్రే వాడతాను. మా నాన్న బొబ్బిలి వైపు వడ్రంగి. కర్ర కొనేటప్పుడు పైభాగం కాదు, కోసిన చివర చూడమని నేర్పింది ఆయనే. చివర కనిపించే గీతలు నిలువుగా ఉంటే ఆ ముక్క తొందరగా వంగదు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే 4×3 అంగుళాల గుమ్మాలు ఏళ్ల తరబడి ఆరిన కర్ర, అదే వాటి గొప్ప. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి మొదలుపెట్టి చేసుకున్న గిటార్ మెడ కూడా పాత ఇంటి పొయ్యిగూటి మహాగని చెక్కే. రంపం పెట్టేముందు అయస్కాంతంతో మేకులు వెతకండి. బాడీకి పనస బాగుంటుంది. బొబ్బిలిలో వీణ చేసేది ఆ కర్రతోనే. ఉలికి చక్కగా లొంగుతుంది. రెండు చెక్కలు అతికించి, 45 మి.మీ. మందానికి చిత్రిక పట్టండి.

మెడ ముక్క 70 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు, 19 మి.మీ. మందం ఉండాలి. మధ్యగీత ఒకటి గీసి, పని అయ్యేదాకా చెరిగిపోనివ్వకండి. ఆరు తీగలూ కలిసి 40 కిలోలకు పైగా లాగుతాయి కాబట్టి లోపల ట్రస్ రాడ్, అంటే మెడ వంపుని సరిచేసే ఉక్కు కడ్డీ, తప్పనిసరి. రెండువైపులా పనిచేసే రాడ్ కొని, దాని కొలతకి సరిపడా మధ్యగీత మీద గాడి తీయండి. దానిపైన మెట్లు కూర్చునే 6 మి.మీ. రోజ్‌వుడ్ పట్టీ అతికించాలి. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవండి.

ఇక మెట్లు. తీగ పలికే పొడవు 648 మి.మీ. తీసుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 36.37 వస్తుంది, నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడుల ముక్క) నుంచి మొదటి మెట్టు అంత దూరం. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండోది. ఇలా 22 లెక్కకట్టి, ప్రతి దూరాన్నీ నట్ నుంచే కూడుకుని రాసుకోండి: రెండోది 70.70, ఐదోది 162.55, ఏడోది 215.51. పన్నెండోది సరిగ్గా 324 రావాలి. రాలేదంటే లెక్క మళ్లీ చేయండి. గుర్తులు కూడా నట్ నుంచే పెట్టాలి. మెట్టు నుంచి మెట్టుకి కొలిస్తే చిన్న తేడాలన్నీ చివరికి పోగవుతాయి. వీణలో మెట్లు మైనం మీద కూర్చుంటాయి, స్థానం తప్పితే జరుపుకోవచ్చు. గిటార్‌లో గాడి పడిందంటే అంతే. అందుకే మూలమట్టం ఆనించి, మెట్టుగా దిగగొట్టే లోహపు తీగ అడుగు కాడకి సరిపోయే సన్న రంపంతో, తొందర లేకుండా 3 మి.మీ. లోతు కోయండి. మెట్లు దిగగొట్టాక, పొడవాటి చదునైన దిమ్మెకు సాండ్ పేపర్ అంటించి అన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చి, ఆకురాయితో పైభాగం మళ్లీ గుండ్రం చేయాలి. మెడ వెనుక చెక్కేటప్పుడు మొదటి మెట్టు దగ్గర మొత్తం మందం 21 మి.మీ. కన్నా తగ్గించకండి.

బాడీ మీకు నచ్చినట్టు కోసుకోండి. మెడ కూర్చునే గుంట లోతు 16 మి.మీ., అంచులు బిగువుగా ఉండాలి. నాలుగు స్క్రూలతో బిగించాకే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) చోటు నిర్ణయించండి. నట్ రెండు చివర్ల నుంచి దారాలు లాగి, అవి మెడ అంచులకి సమానంగా ఉన్నాయో లేదో చూసి, అప్పుడు రంధ్రాలు వేయండి. సన్న తీగ శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్క) నట్ నుంచి 648 మి.మీ. దగ్గర ఉండి, లావు తీగలవి మరికొంత వెనక్కి జరిగే వీలుండాలి.

కరెంటు పని ఒక పూటలో అయిపోతుంది. ఒక హంబకర్ (రెండు చుట్టల పికప్), శబ్దం పెంచి తగ్గించే 500కె (500 కిలో ఓమ్‌ల) వాల్యూమ్ పాట్, కేబుల్ గుచ్చే జాక్ చాలు. బ్రిడ్జ్ కింద నుంచి పాట్ వీపుకి ఎర్త్ వైరు మాత్రం మరిచిపోవద్దు, అది లేకపోతే గుయ్యిమని ఒకటే మోత. పైపూతకి కాచిన అవిసె నూనె నాకు ఇష్టం. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

తీగలు నికెల్ చుట్టినవి, 10-46 సెట్ (సన్నటి, లావుపాటి తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీసుకోండి. శ్రుతి చేశాక పన్నెండో మెట్టు మీద తాకీ తాకకుండా మీటి, తర్వాత నొక్కి మీటండి, రెండూ ఒకే స్వరం పలకాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్ వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకి. మా విశాఖ గాలి తేమకి వానాకాలంలో మెడ కాస్త కదులుతుంది. అప్పుడు ట్రస్ రాడ్‌ని ఒకేసారి పావు మలుపు కన్నా ఎక్కువ తిప్పకుండా సరిచేసి, మర్నాడు మళ్లీ చూడండి.