అమెరికాలో చదువుతున్న విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకునేటప్పుడు ఎదురయ్యే చట్టపరమైన సమస్యలు - పరిష్కారాలు

హైదరాబాదులో ఉంటూ అమెరికాలో శాఖ నమోదు చేసుకున్న చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలు అక్కడ ఎఫ్-1 వీసాపై చదువుతున్న మన విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకున్నప్పుడు తరచుగా ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: విశ్వవిద్యాలయం అనుమతి ఇంకా రాలేదని విద్యార్థి చెబుతున్నా, జీతం ఇండియాలోని ఖాతాలో వేస్తాం కాబట్టి పని మొదలుపెట్టమని సంస్థ ఒత్తిడి చేస్తోంది.

కారణం: అమెరికా వలస నిబంధనలు పని ఆ దేశంలో జరిగిందా లేదా అన్నదే చూస్తాయి గాని, జీతం ఏ దేశపు ఖాతాలో పడిందని చూడవు. హాస్టల్ గదిలో కూర్చుని చేసినా అది అమెరికాలో చేసిన పనే. అనుమతి లేకుండా పనిచేసిన విద్యార్థి ఎఫ్-1 హోదాను కోల్పోవడమే కాక, దాన్ని పునరుద్ధరించమని కోరే అర్హతను కూడా పోగొట్టుకుంటారు. ఇంటిమీద అప్పు తెచ్చి చదువుకుంటున్న వారిని ఇలాంటి ప్రమాదంలోకి నెట్టడం ఏ సంస్థా చేయకూడని పని.

పరిష్కారం: చేయవలసిన పని, పనిచేసే చిరునామా, వారానికి గంటలు, ప్రారంభ, ముగింపు తేదీలు స్పష్టంగా రాసిన ఆఫర్ లెటర్‌ను ముందుగానే ఇవ్వాలి. దాని ఆధారంగా విశ్వవిద్యాలయంలోని డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ఐ-20 పత్రంపై (విద్యార్థి హోదాకు ఆధారమైన పత్రం) సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతిని నమోదు చేస్తారు. ఆ ఇంటర్న్‌షిప్ చదువులో భాగమై ఉండాలి. సాధారణంగా విద్యార్థి ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి, అయితే మొదటి నుంచే శిక్షణ తప్పనిసరి చేసిన పీజీ కోర్సులకు మినహాయింపు ఉంది. అనుమతి ఆ సంస్థకు, ఆ తేదీలకు మాత్రమే చెల్లుతుంది కాబట్టి గడువు పెంచాలంటే మళ్లీ అనుమతి తీసుకోవాలి. పూర్తికాలపు సీపీటీని 12 నెలలు వాడుకున్నవారికి ఆ స్థాయి చదువుపై ఓపీటీ (చదివిన రంగంలో, ఎక్కువగా చదువు ముగిశాక, పనిచేసే అనుమతి) రాదు. వారానికి 20 గంటలు మించితే పూర్తికాలమే అవుతుందన్న సంగతి గంటలు నిర్ణయించే ముందే విద్యార్థితో మాట్లాడాలి.

సమస్య: జీతం లేని ఇంటర్న్‌షిప్‌పై అభ్యంతరం వచ్చింది.

కారణం: లాభాపేక్షతో నడిచే సంస్థలో ప్రధాన ప్రయోజనం ఎవరికి దక్కుతోందో తేల్చడానికి కార్మిక శాఖ 2018 నుంచి ఏడు అంశాలను పరిశీలిస్తోంది. ఇంటర్న్ మామూలు ఉద్యోగి పనే చేస్తుంటే కనీస వేతనం ఇవ్వాల్సిందే.

పరిష్కారం: జీతం ఇవ్వడమే క్షేమం. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, చాలా రాష్ట్రాల్లో అంతకన్నా ఎక్కువ.

సమస్య: ఓపీటీలో ఉన్న ఇంటర్న్‌కు 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవారికి ఇచ్చే) పొడిగింపు కుదరడం లేదు.

కారణం, పరిష్కారం: సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను ఆన్‌లైన్‌లో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదు కాలేదేమో చూడాలి, నమోదయ్యాక ఐ-983 శిక్షణ ప్రణాళికను విద్యార్థితో కలిసి నింపి సంతకం చేయాలి. ఐ-9 పత్రం (పనిచేసే అర్హతను ధ్రువీకరించేది) సంగతి వేరు: అది జీతం తీసుకునే ఇంటర్న్‌లందరికీ అవసరం. అందులో తమ భాగాన్ని వారు పనిలో చేరిన రోజుకల్లా పూర్తి చేయాలి, సంస్థ మూడు పనిదినాల్లోగా అసలు పత్రాలు చూసి తన భాగాన్ని నింపాలి.

సమస్య: జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 7.65 శాతం కోశారు.

కారణం: పేరోల్‌లో విద్యార్థిని పన్ను లెక్కల రీత్యా అమెరికా నివాసిగా నమోదు చేశారు. ఎఫ్-1 విద్యార్థులు మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాల్లో సాధారణంగా అనివాసులే కాబట్టి, అనుమతితో చేసే పనికి ఈ పన్ను వర్తించదు.

పరిష్కారం: పేరోల్ నమోదును సరిదిద్ది, కోసిన మొత్తాన్ని సంస్థే తిరిగి చెల్లించాలి; సంస్థ నుంచి అది రాకపోతే విద్యార్థి ఫారం 843 ద్వారా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌ను కోరవచ్చు.