కోణాల బోల్డ్ ఫాంటుతో వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

వంపుల చోట కోణాలతో, సెరిఫ్‌లు (గీతల చివర ఉండే చిన్న అలంకార గీతలు) లేకుండా, మందపాటి గీతలతో గీసిన డిస్‌ప్లే ఫాంటు, అంటే పెద్ద శీర్షికల కోసం చేసిన ఫాంటు, పోస్టరు మీదా, ఆట జట్టు లోగోలోనూ, గేమ్ పేరులోనూ దూరం నుంచే చూపును లాగుతుంది. అదే ఫాంటు మరొక చోట ముద్దకట్టినట్టో, ముళ్లు మొలిచినట్టో కనిపిస్తే, తప్పు చాలావరకు ఫాంటుది కాదు, దాన్ని అమర్చిన తీరుది.

అవుట్‌లైన్ వేయగానే మూలల్లో ముళ్లు పొడుచుకు వస్తున్నాయి

ఈ తరహా ఫాంటుతో అన్నిటికంటే ఎక్కువగా విసిగించే చిక్కు ఇదే. ఆంగ్లంలోని ‘ఎమ్’, ‘డబ్ల్యూ’, ‘ఎన్’ అక్షరాలకు రంగు అంచు వేసినప్పుడు, గీతలు కలిసే చోట సూది వంటి మొన బయటికి వస్తుంది. అంచు గీతల బయటి వైపులు ఒకదానినొకటి తాకేవరకు సాగడాన్ని ‘మైటర్ జాయిన్’ అంటారు. మూల ఎంత ఇరుకైతే మొన అంత పొడవవుతుంది: 90 డిగ్రీల మూల వద్ద మొన పొడవు అంచు మందానికి సుమారు 1.4 రెట్లు ఉంటే, 30 డిగ్రీల వద్ద అది 3.9 రెట్లకు, 20 డిగ్రీల వద్ద దాదాపు 5.8 రెట్లకు చేరుతుంది. గుండ్రని ఫాంటులో ఇది కంటికి ఆనదు. కోణాలే ప్రాణమైన ఫాంటులో ప్రతి అక్షరంలోనూ బయటపడుతుంది.

మొన అంచు మందానికి ఎన్ని రెట్లవరకు సాగవచ్చో చెప్పే అంకె ‘మైటర్ పరిమితి’. అది దాటిన మొనను సాఫ్ట్‌వేర్ అడ్డంగా కోసేస్తుంది. గీతల బొమ్మల ఫైలు రూపమైన ఎస్‌వీజీలో ఏమీ చెప్పకపోతే ఈ పరిమితి 4, అంటే సుమారు 29 డిగ్రీలకంటే ఇరుకైన మూల మొండిగా తెగుతుంది. వెబ్ పేజీలో కోడుతో బొమ్మలు గీసే హెచ్‌టీఎమ్‌ఎల్ కాన్వాస్‌లో అది 10. ఒకే అక్షరం ఒకచోట ముళ్లతో, మరోచోట మొండిగా కనిపించడం వెనుక ఉన్న రహస్యం ఇంతే. పరిమితిని రెండు చోట్లా ఒకే అంకెకు, 2 దరిదాపుల్లో, బిగించండి. అప్పటికీ కొన్ని మూలలు పదునుగా, కొన్ని మొండిగా మిగిలితే ‘బెవెల్ జాయిన్’ ఎంచుకోండి; కోసినట్టుండే ఆ మూల ఇటువంటి ఫాంటుకు అతుకుతుంది. ‘రౌండ్ జాయిన్’ మాత్రం ఫాంటు స్వభావాన్నే చెరిపేస్తుందని నా అభిప్రాయం. అంచును అక్షరం వెనుక పొరలో ఉంచితే అది లోపలి ఖాళీలను మింగదు.

అంచు వేసినప్పుడు అక్షరం లోపల కూడా అడ్డగీతలు కనిపిస్తే, కారణం వేరు. వేరియబుల్ ఫాంట్లలో (మందం, వెడల్పు వంటివి ఒకే ఫైలులో మార్చుకోగల ఫాంట్లలో) అక్షర భాగాలు తరచుగా ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. అక్షరాలను పాత్‌లుగా (మామూలు గీతల ఆకారాలుగా) మార్చి, ‘యునైట్’ ఆదేశంతో ఒక్కటిగా కలిపిన తరువాతే అంచు వేయాలి.

వెబ్ పేజీలో శీర్షిక మరీ లావుగా, మసకగా ఉంది

బ్రౌజర్లు ప్రధాన శీర్షికకు తమంతట తామే బోల్డ్ కోరతాయి. మీ ఫాంటు సహజంగానే మందమైనదైనా, ఫాంటును పేజీకి పరిచయం చేసే సీఎస్ఎస్‌లోని ఫాంట్-ఫేస్ నియమంలో బరువు (గీతల మందాన్ని తెలిపే అంకె) రాయకపోతే బ్రౌజరు దాన్ని 400గా లెక్కవేసి, పైన కృత్రిమ బోల్డ్ పూస్తుంది. దగ్గరగా చూస్తే పదునైన మూలలు అలుక్కుపోయి, ఆంగ్ల ‘ఏ’ అక్షరంలోని చిన్న త్రిభుజం సగానికి సగం పూడి ఉంటుంది. బరువును 700 లేదా 900గా ప్రకటించండి. కృత్రిమ బోల్డ్‌ను అనుమతించే ఫాంట్-సింథసిస్‌ను ‘నన్’ (none) చేస్తే ఇక బ్రౌజరు చొరవ తీసుకోదు. వర్డ్ ప్రాసెసర్‌లో బోల్డ్ బొత్తాం నొక్కినా ఇదే జరుగుతుంది కనుక దాని జోలికి పోవద్దు.

చిన్న సైజులో అక్షరాలు పూడిపోతున్నాయి

ముద్రణలో సిరా కాగితంలోకి పాకుతుంది. గీతలు కలిసే ఇరుకు మూలలు ముందుగా నిండుతాయి. ఈ కారణంగానే 1978లో ఫాంటు రూపకర్త మాథ్యూ కార్టర్ అమెరికా టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీ డైరెక్టరీల కోసం గీసిన బెల్ సెంటెన్నియల్ ఫాంటులో మూలల్లో గాట్లు పెట్టి, సిరాకు చోటు వదిలారు. డిస్‌ప్లే ఫాంటులో సాధారణంగా ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి 18 పాయింట్లకు దిగువన దాన్ని వాడకుండా, ఉపశీర్షికలకు తేలికైన మరో ఫాంటు తీసుకోవడం మేలు. తప్పనిసరి అయితే అక్షరాల మధ్య ఎడం కొంత పెంచండి.

‘ఏ’, ‘వీ’ పక్కపక్కన పడినప్పుడు పెద్ద సందు కనిపిస్తోంది

వాలు గీతల జంటలకు కెర్నింగ్ (జంటను బట్టి రెండు అక్షరాల మధ్య ఎడాన్ని సర్దే ఏర్పాటు) విలువలు లేకపోవడమో, ఆ సదుపాయం ఆపి ఉండటమో కారణం. కెర్నింగ్ ఆన్ చేసి, మిగిలిన జంటలను చేత్తో సరిచేయండి.

తెలుగు శీర్షిక పెట్టగానే గళ్లు వస్తున్నాయి, లేదా వేరే ఫాంటు కనిపిస్తోంది

ఆ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. గళ్లైనా, మరో ఫాంటు నుంచి అరువు తెచ్చిన గుండ్రని అక్షరాలైనా అందుకు గుర్తే. జోడీగా నిలవగల మందపాటి తెలుగు ఫాంటును మీరే ఎంచుకోవాలి. ఉదాహరణకు అనేక్ తెలుగులో బరువుతోపాటు వెడల్పునూ మార్చుకోవచ్చు. సున్నాలూ వంపులూ కోణాలు కాలేవు గాని, తలకట్టు విరుపు ఆ పదునుకు కొంత సమాధానం చెబుతుంది.

ఆంగ్ల పెద్దక్షరాలకు కిందికి దిగే తోకలు దాదాపు ఉండవు కనుక వరుసల ఎత్తును అక్షర సైజుకు 0.9 రెట్లకు బిగించినా చెల్లుతుంది. అదే కొలత తెలుగుకు మిగిలిపోతే పై వరుసలోని ‘స్త్రీ’ ఒత్తులు కింది వరుస గుడులను ఢీకొంటాయి. తెలుగుకు 1.3తో మొదలుపెట్టి, ఒత్తు ఎక్కువగా దిగిన చోటును చూసి తగ్గించుకోండి. ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే, పేజీ కూర్పు సాఫ్ట్‌వేరైన ఇన్‌డిజైన్‌లో ఆ పేరాకు, భారతీయ లిపులను సరిగా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోండి.