ఆగిన కిటికీ అద్దం – 4వ పాఠం: పన్నెండు వోల్టులు ఉన్నా తిరగని మోటారు

కారు పవర్ కిటికీల ఈ పాఠంలో తీగతో (కేబుల్‌తో) నడిచే రెగ్యులేటరు, అంటే మోటారు బలంతో అద్దాన్ని పైకీ కిందికీ జరిపే యంత్రాంగం, విప్పాలి. అది వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను. 3వ పాఠం తర్వాత బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి వచ్చిన ఫోన్లలో చాలావాటి సారాంశం ఒకటే. "కప్లర్ (మోటారుకు తీగలు తగిలించే ప్లగ్గు) ఊడదీసి చూశాం, పన్నెండు వోల్టులు వస్తున్నాయి, అంటే మోటారే పోయింది." కొందరు కొత్త మోటారు కొని బిగించారు కూడా. అద్దం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ పాఠంలో బల్బు పెట్టి చూడమన్నాను. చాలామంది బల్బు పక్కన పెట్టి డిజిటల్ మీటరు తెచ్చుకున్నారు. మీటరు మంచి పనిముట్టే. అయితే మోటారు ఊడదీసిన కప్లర్‌లో అది చూపించే పన్నెండుకు విలువ లేదు. ఎందుకో ఈసారి వివరంగా చెప్తాను, ఎందుకంటే పాత కార్లలో బాగున్న మోటార్లను బయట పారేయిస్తున్నది ఆ అంకే.

డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓములు ఉంటుంది. అంటే అది తీగలోంచి లాగే కరెంటు ఒక ఆంపియరులో పదిలక్షల వంతు, ఆ చుట్టుపక్కల. తీగ పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా, పిన్ను మీద ఆకుపచ్చ పొడి పట్టినా, అంత చిన్న కరెంటు ఇబ్బంది లేకుండా దాటిపోతుంది. మీటరు పూర్తి పన్నెండు చూపిస్తుంది. అద్దాన్ని ఎత్తే మోటారుకు సుమారు 5 ఆంపియర్లు కావాలి. దారిలో ఎక్కడో 2 ఓముల అడ్డు ఉందనుకోండి. అయిదు రెళ్లు పది. పది వోల్టులు ఆ అడ్డు దగ్గరే ఖర్చయిపోవాలి, ఇక మోటారుకు మిగిలేది ఏముంటుంది? నిజానికి అంత కరెంటు పారనే పారదు. మోటారు మూలుగుతుంది, లేదా ఆ మూలుగు కూడా ఉండదు.

ఊరి చివరి ఇళ్లలో ఉండేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పక్క పొలంలో నీళ్ల మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారుతుంది. మోటారు ఆపితే మళ్లీ వెలుగు. లైనులో వోల్టేజి తగ్గడం భారం పడ్డప్పుడే బయటపడుతుంది. కారు తలుపులోనూ అదే నియమం.

కాబట్టి వోల్టేజి ఎప్పుడూ భారం ఉండగానే చూడాలి. నేనైతే ఇప్పటికీ ముందు బల్బే తీస్తాను. ఇండికేటరులో వాడే 21 వాట్ల బల్బుకు రెండు తీగలు సోల్డరింగ్ చేసి పెట్టుకోండి. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. మోటారు తీగలు రెండింటి మధ్య పెట్టి స్విచ్ నొక్కండి. తెల్లగా, నిండుగా వెలిగితే దారి చాలావరకు బాగున్నట్టు. ఎర్రగా మసకగా వెలిగితే దారిలో జబ్బు ఉంది, మోటారు జోలికి పోవద్దు. డాష్‌బోర్డులో వాడే చిన్న బల్బు దీనికి పనికిరాదు, అది లాగేది మరీ తక్కువ.

రెండో పొరపాటు దీనికి తోడుగా జరుగుతోంది. చాలామంది మీటరు నల్ల కాడను తలుపు ఇనుముకు ఆనించి చూశారు. కిటికీ మోటారుకు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి, తలుపు ఇనుము నుంచి రాదు. దానికి రెండే తీగలు. స్విచ్ వదిలేసినప్పుడు మామూలుగా రెండూ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. పైకి నొక్కితే ఒకదానికి ప్లస్ వస్తుంది, రెండోది ఎర్త్‌లోనే ఉంటుంది. కిందికి నొక్కితే అటుదిటు అవుతుంది. అంటే ఎర్త్ కూడా స్విచ్ గుండానే వస్తోంది. వెనక తలుపుకైతే చాలా కార్లలో ఆ ఎర్త్ డ్రైవరు దగ్గరి పెద్ద స్విచ్ దాకా వెళ్లి అక్కడి నుంచి బాడీకి చేరుతుంది. అందుకే డ్రైవరు స్విచ్ ఊడదీసి పక్కన పెట్టి "వెనక స్విచ్ పని చేయడం లేదు" అన్నవాళ్లు అనవసరంగా కంగారు పడ్డారు. దాన్ని తిరిగి తగిలించి చూడండి.

(అద్దానికి ఏదైనా అడ్డం తగిలితే తనంతట తానే వెనక్కి దిగే కార్లలో మధ్యలో ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. ఈ పాఠం వాటికి వర్తించదు.)

ఇప్పుడు అసలు పరీక్ష. మోటారు తగిలించే ఉంచండి. కప్లర్ వెనక నుంచి, తీగ పక్కగా సన్నటి గుండుసూది లోపలికి దూర్చి దానికి మీటరు ఆనించండి. తీగ తొడుగును సూదితో పొడవద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. గోపాలపూర్, ఛత్రపురం వైపు సముద్రపు గాలి ఆ చిన్న రంధ్రంలోంచి లోపలికి చేరి రాగిని ఆకుపచ్చ పొడి చేస్తుంది. ఈ రోజు పరీక్ష కోసం చేసిన రంధ్రమే రేపటి జబ్బు.

నల్ల కాడ బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర కాడ మోటారు తీగల్లో ఒక్కోదానికి. స్విచ్ నొక్కి పట్టుకోండి. రెండు తీగలూ పన్నెండు చూపిస్తే ఎర్త్ వైపు దారి తెగింది. రెండూ సున్నా అయితే ప్లస్ వైపు తెగింది. ఒకటి పన్నెండు, ఇంకొకటి సున్నా చూపించి కూడా మోటారు తిరగకపోతే, అప్పుడు మాత్రమే మోటారును గాని రెగ్యులేటరును గాని అనుమానించండి. ఆ రెంటిలో ఏదో తేల్చడానికి రాత్రిపూట కారు లోపలి దీపం వేసి స్విచ్ నొక్కి చూస్తాను. దీపం కాస్త తగ్గితే మోటారు కరెంటు లాగుతోంది, రెగ్యులేటరో అద్దమో బిగుసుకుంది. దీపం చలించకపోతే మోటారు లోపలి కార్బన్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు) అరిగాయి, లేదా చాలాసేపు నొక్కినందువల్ల వేడెక్కి లోపలి రక్షణ స్విచ్ తెగింది. పావుగంట చల్లారనిచ్చి మళ్లీ చూడండి. అప్పటికీ తిరగకపోతే స్విచ్ నొక్కి ఉంచి, స్క్రూడ్రైవరు పిడితో మోటారు పైతొడుగు మీద మెల్లగా తట్టండి. తిరిగిందంటే కార్బన్‌లే.

అద్దం పూర్తిగా ఆగకుండా నెమ్మదిగా పాకుతుంటే వోల్టేజి ఎక్కడ పోతోందో కొలవాలి. ఒక కారు లెక్క చెప్తాను. స్విచ్ నొక్కి ఉంచినప్పుడు బ్యాటరీ రెండు కొసల మధ్య 12.4 వోల్టులు. మోటారు రెండు తీగల మధ్య 7.6. పోయిన 4.8 ఎక్కడ? ఎర్ర కాడ బ్యాటరీ ప్లస్‌కు, నల్ల కాడ మోటారు ప్లస్ తీగకు పెడితే 0.4. అది ఫరవాలేదు. మోటారు ఎర్త్ తీగ నుంచి బ్యాటరీ మైనస్‌కు కొలిస్తే 4.4. దొంగ అటు వైపున్నాడు. ఇక కాడను ఒక్కో మజిలీ జరుపుకుంటూ రావాలి. తలుపు లోపలి నుంచి కొలిస్తే 4.4. తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం దాటాక 0.3. గొట్టం విప్పితే నల్ల తీగ తొడుగు బాగానే ఉంది, లోపల రాగి రెండు పోగులే మిగిలింది. తలుపు తీసినప్పుడల్లా మడత పడేది ఆ చోటే, అందుకే అక్కడే విరుగుతుంది. అనుమానం ఉంటే స్విచ్ నొక్కి పట్టుకుని తలుపును మెల్లగా తెరిచి మూయండి. అద్దం ఉలిక్కిపడిందంటే తీగ అక్కడే తెగింది.

ఒక్కో వైపు అర వోల్టు పోవడం మామూలే. ఒక వోల్టు దాటితే వెతకండి.

దొరికాక చేయాల్సింది తక్కువే. తెగిన తీగను మెలితిప్పి టేపు చుట్టవద్దు, మడత పడే చోట అది నిలవదు. గొట్టానికి అవతల, ఇవతల కదలని చోట కోసి, కొత్త మెత్తటి తీగ వేసి సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి. పిన్నులకు ఆకుపచ్చ పొడి పడితే కాంటాక్ట్ క్లీనరు, మెత్తటి బ్రష్షు చాలు. గరుకు కాగితంతో రుద్దితే పూత పోయి మరింత త్వరగా తుప్పు పడుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లు ఇప్పటికీ గంజాం, గజపతి జిల్లాల్లో తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి కారు కొని ఉంటే తలుపులో కప్లర్లన్నీ ఒకసారి విప్పి చూడండి, అద్దం బాగానే నడుస్తున్నా సరే. తలుపు లోపలివైపు కప్పే ప్యాడ్ వెనకున్న ప్లాస్టిక్ షీటును తిరిగి అంటించడం మరవద్దు. అది లేకపోతే వాననీరు ప్యాడ్‌లోకి, స్విచ్‌లోకి దిగుతుంది.

అభ్యాసం: నాలుగు తలుపులూ పవర్ కిటికీలైతే నాలుగూ కొలవండి, బాగున్నవి కూడా. పైకి, కిందికి, ప్లస్ వైపు, ఎర్త్ వైపు, మొత్తం పదహారు అంకెలు. వెనక తలుపుల నుంచి బ్యాటరీ దాకా అందడానికి నాలుగైదు మీటర్ల తీగకు మొసలి క్లిప్పు తగిలించుకోండి. ఇంజను నడుస్తుండగా, ఆరుబయట కొలవండి, లేదంటే చివరి తలుపుకు వచ్చేసరికి బ్యాటరీ దిగి అంకెలు మారతాయి. నొక్కేవాళ్లు ఒకరు, కొలిచేవాళ్లు ఒకరు ఉంటే మేలు. సముద్రం వైపు ఉన్నవాళ్లు గట్టి వాన పడ్డ మర్నాడు ఇదంతా మళ్లీ కొలిచి పక్క వరుసలో రాయండి. ఆ కాగితం రాసి పెట్టుకున్నాకే 5వ పాఠానికి రెగ్యులేటరు కొనండి.