అగ్నివీర్ ర్యాలీకి ఇంట్లోనే తయారీ – పాఠం 4: ముందు పేరు, తర్వాత చెవులు, కాళ్లు

పాఠం 3లో కాగితాల ఫైలు కట్టమంటే అందరూ కట్టారు. ఆ తర్వాత వచ్చిన ప్రశ్న మాత్రం దాదాపు ఒక్కటే: “పేరు ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉందండీ, ఏది మార్చాలి?” కొందరైతే అడక్కుండానే ఏదో ఒకటి మార్చేసుకొచ్చారు. అందుకే ఈసారి మెడికల్ సగానికి తగ్గించి, ముందు ఈ చిక్కు విప్పుకుందాం. ఫొటోలు, ఒరిజినళ్లు, జిరాక్సుల సంగతి నోటిఫికేషన్‌లోనే ఉంది, చదువుకోండి.

పదో తరగతి మెమోయే ఆధారం. మిగతావన్నీ దానికి సరిపోవాలి. రిజిస్ట్రేషన్‌లో మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టినతేదీ మెమోలో ఉన్నట్టే కొట్టాలి. ఆధార్‌లో పేరు బాగుందని మెమో మార్చడానికి బయల్దేరకండి. మెమోలో నిజంగా తప్పుంటే హెడ్మాస్టరు ద్వారా పరీక్షల విభాగానికి వెళ్లాలి. అది ర్యాలీ ముందు వారంలో తేలే పని కాదు.

తేడాలు ఎక్కడ దాక్కుంటాయంటే: మెమోలో ‘వెంకట’, ‘రమణ’ విడివిడిగా, ఆధార్‌లో కలిపి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. అమ్మ పేరు లక్ష్మి ఇంగ్లీషులో ఒకచోట కె-ఎస్-హెచ్‌తో, మరోచోట ఎక్స్‌తో. ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1 అని పడి ఉండటం. తెలుగులో చదివితే అన్నీ ఒకటే అనిపిస్తాయి. ర్యాలీలో కాగితాలు పరిశీలించే టేబుల్ దగ్గర చూసేది ఇంగ్లీషు స్పెల్లింగు.

ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. ఆత్రపడి ఇంటిపేరు విడదీయించుకుని, మళ్లీ కలిపించుకుంటే ఆ రెండూ అయిపోయినట్టే. ఆధార్ సెంటర్లో ఇచ్చే స్లిప్పు మీద సంతకం పెట్టేముందు మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. ఆధార్ సరయ్యాకే పాన్, బ్యాంకు ఖాతా, ఆ తర్వాతే మీసేవలోనో సచివాలయంలోనో కులం, నివాసం సర్టిఫికెట్లు. వరస తిరగబడితే పాత తప్పే కొత్త కాగితం మీదికి ఎక్కుతుంది.

“నోటరీ అఫిడవిట్ ఉందిగా” అనేవాళ్లకు: ర్యాలీకి అడిగే రూ. 10 స్టాంపు పేపరు అఫిడవిట్ వేరు, పేరు తేడాకి మీరు రాయించుకున్నది వేరు. రెండోదాని మీద భరోసా పెట్టుకోకండి.

ఇక ఒళ్లు. చెవిలో గుబిలి ఉంటే డాక్టరుకు కర్ణభేరి కనపడదు, అక్కడే ఆగిపోతారు. పుల్లలు, ఇయర్‌బడ్‌లు దాన్ని ఇంకా లోపలికి తోస్తాయి. వారం పది రోజుల ముందే ఈఎన్‌టీ దగ్గర తీయించుకోండి. ముందురోజు తీయిస్తే ఎర్రగా కమిలి ఉండొచ్చు. ఛాతీ ఊపిరి పీల్చినప్పుడు కనీసం 5 సెం.మీ. పెరగాలి. టేపు వీపు వెనక జారితే కొలత తప్పుతుంది కాబట్టి ఇంకొకరితో కొలిపించండి. మోకాళ్లు ఆనించి నిలబడితే చీలమండల మధ్య 5 సెం.మీ. మించి ఎడం రాకూడదు. తడి పాదం గచ్చు మీద మొత్తం అచ్చు పడితే బెంగపడకండి. మునివేళ్లపై లేచి చూడండి, వంపు తేలితే మామూలుగా ఇబ్బంది ఉండదు.

అభ్యాసం: ఒక తెల్లకాగితం మీద అడ్డంగా మెమో, ఆధార్, పాన్, బ్యాంకు, కులం, నివాసం, అడ్మిట్ కార్డు అని ఏడు గళ్లు గీయండి. నిలువుగా మీ పేరు, నాన్న, అమ్మ, పుట్టినతేదీ. 28 గడులూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఖాళీలతో సహా ఒరిజినల్ చూసి నింపండి. కాగితంలో లేని వివరానికి గీత పెట్టండి. గుర్తున్నది రాస్తే ఈ పని దండగ. తేడా ఉన్న గడి చుట్టూ ఎర్రసున్నా చుట్టండి. పాఠం 5 ఆ సున్నాలతోనే మొదలవుతుంది.