ఎన్‌బీఏ సీజన్‌లో మేటి పదిమందిని వరుసలో పెట్టడం ఎలా?

ఏప్రిల్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లీగ్ దశ ముగియగానే విశాఖ బీచ్ రోడ్డులో టీ తాగుతూ మేటి ఆటగాళ్ల జాబితాలు చెప్పేవారికి కొదవ ఉండదు. వాటిలో చాలావరకు సగటు పాయింట్ల పట్టికకు నకళ్లే. నిజానికి ఈ పనికి కావలసినవి ఒక నోటుపుస్తకం, లీగ్ వెబ్‌సైట్‌లోని గణాంకాలు, కొంత ఓపిక మాత్రమే. జాబితాను కాగితం మీదనే రాయాలి, ఫోన్‌లో కాదు. కొట్టివేసిన పేర్లు కూడా కళ్లెదుట ఉండాలి.

ముందుగా, 82 మ్యాచ్‌లలో కనీసం 65 ఆడినవారినే తీసుకోండి. ప్రధాన అవార్డులకు లీగే 2023-24 నుంచి ఈ నిబంధన పెట్టింది. కాబట్టి 2024-25లో 46 మ్యాచ్‌లే ఆడిన శాన్ ఆంటోనియో స్పర్స్ ఆటగాడు విక్టర్ వెంబన్యామాకు ఆ ఏటి జాబితాలో చోటు లేదు. లీగ్ దశ తరువాత జరిగే ప్లేఆఫ్ మ్యాచ్‌లను ఇందులో కలపనే కూడదు.

తరువాత పాయింట్లు ఎన్ని వచ్చాయన్నది కాక, వాటికి ఎన్ని అవకాశాలు ఖర్చయ్యాయో చూడండి. ప్రయత్నించిన ఫ్రీ త్రోల (ఫౌల్‌కు దక్కే ఉచిత షాట్ల) సంఖ్యను 0.44తో గుణించి, ప్రయత్నించిన మామూలు షాట్ల సంఖ్యకు కలిపి, మొత్తాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించి శాతంగా మార్చాలి. 20 షాట్లు, 10 ఫ్రీ త్రోలతో 30 పాయింట్లు చేసినవాడికి 61.5 శాతం వస్తుంది. 27 షాట్లు, 5 ఫ్రీ త్రోలతో అదే 30 చేసినవాడికి 51.4 శాతమే. స్ట్రైక్ రేటు అడగకుండా బ్యాటర్‌ను మెచ్చుకోని మనవాళ్లు ఇక్కడ మాత్రం 30 అనగానే చప్పట్లు కొడతారు.

అసలు చిక్కంతా ఆటగాణ్ణి అతని జట్టు నుంచి విడదీసి చూడడంలో ఉంది. అతడు కోర్టులో ఉన్నప్పుడు ప్రతి వంద పొసెషన్లకు (బంతి జట్టు చేతికి వచ్చిన సందర్భాలకు) జట్టు ఆధిక్యం ఎంత, బెంచ్ మీద ఉన్నప్పుడు ఎంత అన్న తేడాయే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన అంకె. అన్నిటికన్నా మోసగించే అంకె కూడా అదే. ఒక్క మ్యాచ్ ప్లస్-మైనస్‌ను (అతడు కోర్టులో ఉన్నప్పుడు రెండు జట్ల పాయింట్ల తేడాను) ఎప్పుడూ నమ్మకండి. సీజన్ మొత్తం తీసుకున్నా, అతని బదులు దిగేవాడు మరీ బలహీనుడైతే తేడా ఉబ్బిపోతుంది; సమర్థుడైతే కుంచించుకుపోతుంది. అందుచేత కోర్టులో అతనితో ఆడిన మిగిలిన నలుగురు ఎవరో, తోటి స్టార్ లేని నిమిషాలలో జట్టు ఎలా ఆడిందో విడిగా చూసిన తరువాతే పేరును పైకి జరపండి.

డిఫెన్స్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. స్టీల్ కోసం (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడానికి) ప్రతిసారీ ఎగబడేవాడు తాను అడ్డుకోవలసిన ఆటగాణ్ణి వదిలేసిన సందర్భాలు మామూలు స్కోరు పట్టికలో కనబడవు. 2023-24లో మిన్నెసోటా ఆటగాడు రూడీ గోబేర్ సగటు 14 పాయింట్లే. అయినా ఉత్తమ డిఫెండర్ అవార్డును నాలుగోసారి అందుకున్నాడు. పాయింట్ల పట్టికతో మొదలుపెట్టేవారికి అటువంటివాడు కంటబడనే పడడు.

మన గడియారం చేసే అన్యాయం ఇంకొకటి. శీతకాలంలో అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7 గంటలకు మొదలయ్యే ఆట విశాఖలో తెల్లవారి 5:30కు వస్తుంది, పడమటి తీరంలో అదే వేళకు మొదలయ్యేది 8:30కు. ఉద్యోగస్తులు మొదటిదాన్ని హాయిగా చూసి, రెండోదానికి హైలైట్లతో సరిపెట్టుకుంటారు. ఆదివారం కూర్చుని పడమటి జట్ల పూర్తి మ్యాచ్‌లు చూడనివారు జాబితా వేయకపోవడమే మేలు.

నలుగురు కలిసి జాబితా వేస్తే, ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడి) ఎన్నికలో వాడే 10, 7, 5, 3, 1 పాయింట్ల పద్ధతితో మొదటి ఐదు స్థానాలను తేల్చి, మిగిలిన ఐదింటిని చర్చించి నిర్ణయించండి.